కృష్ణాతీరపు స్తూపాల దగ్గర ఏం చూడాలి?

ప్రశ్న:
నమస్కారం. గత నెల అమరావతి మహాచైత్యం (పెద్ద బౌద్ధ స్తూపం) చూశాను. పుస్తకాల్లోని శిల్పాలను మనసులో పెట్టుకొని వెళ్లినందువల్ల కాబోలు, గుండ్రని ఇటుక కట్టు, అక్కడక్కడా నిలబెట్టిన రాతి పలకలు తప్ప మరేమీ కనిపించక నిరాశ కలిగింది. త్వరలో అమ్మానాన్నలతో నాగార్జునకొండ, భట్టిప్రోలు వెళ్లాలనుకుంటున్నాను. ముందుగా ఏం తెలుసుకుంటే అక్కడ చూస్తున్నదేమిటో అర్థమవుతుంది?

జవాబు 1:
మీరు వెతికిన శిల్పాల్లో చాలా భాగం ఊరు దాటి వెళ్లిపోయింది. కర్నల్ మెకంజీ 1797లో ఆ దిబ్బను చూసేనాటికే దాని రాళ్లు కొత్త కట్టడాలకు తరలుతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, అక్కడి నుంచి చాలావరకు లండన్ వెళ్లాయి. అందుకే వీటిని చూడాలంటే నేటికీ బ్రిటిష్ మ్యూజియానికో, చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో వెళ్లాలి. అయితే అమరావతి శిల్పులు స్తూపం రూపాన్నే ఎన్నో పలకల మీద చెక్కారు కనుక, అలాంటి పలక ఫొటో ఒకటి చేతిలో ఉంటే ఆ ఇటుకల మీద ఏది ఎక్కడ ఉండేదో పోల్చుకోవచ్చు. ముఖ్యంగా నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలను గమనించండి. వాటి మీద ఐదేసి ఆయక స్తంభాలు నిలిచేవి. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం (ఇల్లు విడిచి వెళ్లడం), సంబోధి (జ్ఞానోదయం), మొదటి ధర్మోపదేశం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులని పండితులు చెబుతారు. స్థానిక మ్యూజియానికి శుక్రవారం సెలవు; నాగార్జునకొండలోనూ అంతే.

జవాబు 2:
నాగార్జునకొండ విషయంలో ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి: ద్వీపం మీద మీరు చూడబోయే బౌద్ధ కట్టడాలు మొదట అక్కడ కట్టినవి కావు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కింద లోయలో ఉండేది. సాగర్ జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఇప్పుడు ద్వీపంగా మిగిలిన కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి నిర్మించారు. చోటు మారినా నేలపటం మారలేదు కాబట్టి పటాన్నే చదవాలి. అక్కడి స్తూపాల పునాదులు కొన్ని బండిచక్రంలా ఉంటాయి. చక్రపు ఆకుల్లాంటి అడ్డగోడల మధ్య ఖాళీలను మట్టితో నింపడంతో తక్కువ ఇటుకతోనే పెద్ద అండం (స్తూపపు గుమ్మటం) నిలిచేది. ధర్మచక్రాన్ని తలచి వేశారా, ఇటుక కలిసివస్తుందని వేశారా అన్నది వాదనకు నిలిచే ప్రశ్న. రెండూ కావచ్చునని నాకనిపిస్తుంది. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కనుక లాంచీ ఆ రోజు నడుస్తుందో లేదో కనుక్కొని బయలుదేరండి. నడవకపోయినా అనుపుకు రోడ్డు మీదుగానే చేరవచ్చు. నాలుగు వైపులా మెట్లున్న క్రీడాంగణం అక్కడే ఉంది. నన్నడిగితే ద్వీపం కంటే అదే నయం.

జవాబు 3:
భట్టిప్రోలులో మిగిలింది ఇటుక దిబ్బే. కానీ 1892లో అలెగ్జాండర్ రే ఆ దిబ్బలోనే ధాతువుల (పూజ్య అవశేషాల) భరిణెలను కనుగొన్నారు. వాటి మీది శాసనాల్లో కుబీరకుడనే రాజు పేరుంది. ఆ లిపిలో హల్లుకు సహజంగా ‘అ’ ఉండదు. ‘క’ అని పలకాలన్నా విడిగా గుర్తు పెట్టాల్సిందే. తలకట్టు దిద్దుతూ పెరిగిన మనం ఆ అక్షరాల ఫొటోలు ముందుగా చూసుకొని వెళ్తే, అరగంటలో ముగిసే సందర్శనకు గంట పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం ప్రయాణం మానుకొని, అనుపుతో మొదలుపెడతాము. నాన్నగారు లాంచీ ఎక్కుతానని ఇప్పటికే పట్టుబట్టారు కనుక మరునాడు ద్వీపం కూడా తప్పేలా లేదు.