మెస్‌కు పైపు గ్యాస్: లీకు డిటెక్టర్ పైన బిగించాలా, కిందనా?

నమస్కారం అండీ. బెంగళూరు మారతహళ్లిలో మా అక్కావాళ్ల ఆంధ్రా మెస్‌కు పైపు గ్యాస్ వస్తోంది. ఇన్నాళ్లూ 19 కిలోల సిలిండర్లే. అత్యవసరానికి రెండు సిలిండర్లు వంటింట్లోనే ఉంచుతామంటున్నారు. నా భయమంతా అక్కడే.

సిలిండర్‌లోని ప్రొపేన్, బ్యూటేన్ గాలికంటే బరువు. లీకైతే నేలమీద పరుచుకుంటాయి. పైపులో వచ్చేది చాలావరకు మీథేన్. అది తేలిక, కప్పు దగ్గర చేరుతుంది. సహజవాయువులో ఇవన్నీ కలిసే ఉంటాయి. ఈథేన్‌ను వేరుచేసి పాలిథిన్‌కు, ప్రొపేన్, బ్యూటేన్‌లను సిలిండర్లకు వాడతారు. మీథేన్‌తో యూరియా కూడా చేస్తారు. అంతవరకు చదివి తెలుసుకున్నాను.

మరి రెండు రకాల గ్యాసూ ఉన్న వంటగదిలో డిటెక్టర్లు పైనా కిందా రెండుచోట్లా పెట్టాలా? రెంటినీ పసిగట్టే రకం ఒకటే ఉంటే ఏ ఎత్తులో బిగిస్తారు?

ఇంకోటి. ఘనపు మీటరు లెక్కన మీథేన్ ఇచ్చే వేడి సిలిండర్ గ్యాస్‌లో సగం కూడా ఉండదు కదా, అంటే బర్నర్ జెట్ (గ్యాస్ చిమ్మే చిన్న ముక్కు) రంధ్రం పెద్దది కావాలి. మెకానిక్ మాత్రం పాత జెట్లే చాలంటున్నాడు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మధ్యాహ్నం రద్దీలో పెద్ద దోసె పెనం సరిగ్గా కాలుతుందా? హోటళ్లలో, క్యాంటీన్లలో ఇలా మార్చుకున్నవాళ్లెవరైనా దయచేసి చెప్పండి. అక్కడ పనిచేసే పిల్లలు నలుగురూ ఆ వంటగది పక్క గదిలోనే పడుకుంటారు.