అప్‌డేట్: 6 వేల ఉద్యోగాలకు కోడ్‌లు, సాకర్ టూల్ వాడి చూశాక

పోయిన నెల అడిగాను కదా, ఇక్కడ అమెరికాలో మా స్టడీలో జనం చెప్పిన 6 వేల పాత ఉద్యోగాలకు కోడ్‌లు (ఏ రకం పనో చెప్పే నంబర్లు) వేసి, ఎవరు ఏ కెమికల్ పీల్చారో అంచనా వేయాలి, చేత్తో చేస్తే ఏడాది పడుతుంది, ఏం చేయాలి అని. చాలామంది నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సాకర్ (SOCcer, ఉద్యోగాలకు కోడ్‌లు వేసే కంప్యూటర్ టూల్) వాడమన్నారు. వాడాను.

ఉద్యోగం పేరు, పరిశ్రమ కోడ్, చేసిన పని ఇస్తే సాక్ 2010 (అమెరికా ప్రభుత్వ ఉద్యోగాల వర్గీకరణ) కోడ్‌లు, ఒక్కోదాన్ని ఎంత నమ్మొచ్చో చెప్పే ఒక స్కోరు ఇస్తుంది. స్కోరు ఎక్కువున్నవి దాదాపు కరెక్టే. తక్కువున్నవే తలనొప్పి. ఒకాయన "స్పాటర్" అని మాత్రమే రాశాడు, టూల్ ఏదో క్రేన్ దగ్గర పని అనుకుంది, తీరా చూస్తే డ్రై క్లీనింగ్ షాపులో బట్టల మీద మరకలు తీసేవాడు! అంటే డ్రై క్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఇథిలీన్ అనే కెమికల్ దగ్గరే రోజంతా. కోడ్ తప్పితే ఆయన మొత్తం లెక్కలోంచే మాయం. అందుకే తక్కువ స్కోరువన్నీ నేనూ మా ఫ్రెండూ విడివిడిగా చూసి, తేడా వచ్చినవి మేడమ్ ముందు పెట్టాం.

ఇంకోటి, కొందరు పొరబడినట్టు సాకర్ కెమికల్ సంగతి చెప్పదు, కోడ్ వరకే. ఆ కోడ్‌లని కెనడా వాళ్ల క్యాన్‌జెమ్‌కి (ఏ ఉద్యోగంలో ఏ పదార్థం సోకుతుందో చెప్పే పట్టిక) కలిపాను, అందులో 258 పదార్థాలకు సోకే అవకాశం, ఎంత తరచుగా, ఎంత మోతాదు అన్నీ ఉన్నాయి. మాంట్రియల్ ఉద్యోగాల నుంచి కట్టింది కాబట్టి మా ఊళ్లకు ఎంత సరిపోతుందనే టెన్షన్ ఇంకా ఉంది. పరిశ్రమ కోడ్ ఖాళీగా వదలొద్దన్న వాళ్లకి థాంక్స్, మొదటిసారి నేను వదిలేశాను.