అర్ధరాత్రి తిరుపతిలో దిగి, తెల్లవారుజామున అలిపిరి మెట్లు ఎక్కాలి: నాలుగు గంటల పడకకి ఏది మేలు?

రైలు తిరుపతికి రాత్రి 12.20కి చేరుతుంది. ముగ్గురం, అందులో ఒకరికి అరవై దాటాయి. 3,550 మెట్లు ఎక్కాలి కాబట్టి ప్లాట్‌ఫారం మీద కూర్చుని తెల్లవార్చడం కుదరదు, కాసేపైనా నడుం వాల్చాలి.

మొదట చూస్తున్నది స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్. కన్ఫర్మ్ అయిన టికెట్ పీఎన్ఆర్‌తో ముందే బుక్ చేసుకోవచ్చు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు: 12 దాటితే తేదీ మారిపోతుంది, రైలెక్కిన రోజు తేదీకి బుక్ చేస్తే డబ్బు వృథా. రైలు ఆలస్యమైతే ఆ గంటలూ మన ఖాతాలోనే పోతాయి. అందుకే గది ఎన్ని గంటలపాటు తీసుకోవాలో తేలడం లేదు.

రెండోది స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసం. బస్టాండ్ దగ్గరి శ్రీనివాసం కూడా దేవస్థానం వసతే కానీ, ఆ వేళ సామానుతో అంత దూరం ఎందుకనిపిస్తోంది. ముగ్గురి ఆధార్ కార్డులూ ఉంటాయి.

ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి:

విష్ణు నివాసంలో ఒంటిగంటప్పుడు కౌంటర్‌లో గది ఇస్తున్నారా? గది లేకపోతే హాల్లో పడుకోనిచ్చి లాకర్ ఇస్తారా? బయటి లాడ్జీల్లో 24 గంటల లెక్కా, లేక పొద్దున్నే ఖాళీ చేయమంటారా? అన్నిటికంటే ముఖ్యం, అలిపిరి నడకదారి గేటు, కొండపైకి పంపడానికి మన సామాను తీసుకునే కౌంటర్ ఇప్పుడు ఎన్నింటికి తెరుస్తున్నారు? దాన్నిబట్టే నిద్ర ఎన్ని గంటలో తేలుతుంది.