అకౌంట్స్ అసిస్టెంటా, అకౌంటెంటా? లెటర్‌లో ఏం రాయించుకోవాలి?

విజయవాడలో ఒక హోల్‌సేల్ వ్యాపారంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను, బీకాం, ఆఫర్ లెటర్‌లో హోదా ‘అకౌంట్స్ అసిస్టెంట్’. కానీ ట్యాలీ ఎంట్రీలు, బ్యాంక్ రీకన్సిలియేషన్ (మా పుస్తకాలను బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూడటం), నెలనెలా 7లోపు టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కట్టడం, 11కి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), పర్చేజ్ బిల్లులు 2బీతో (సప్లయర్లు చూపిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే స్టేట్‌మెంట్) ఒక్కొక్కటీ సరిచూసుకుని 20కి 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే నెలవారీ జీఎస్‌టీ రిటర్న్), అన్నీ నేనే చూస్తాను. ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) తేల్చి ఇస్తే ఫైనలైజేషన్ (బ్యాలెన్స్ షీట్ లాంటి ఏడాది చివరి లెక్కలు ఖరారు చేయడం), ఆడిట్ మాత్రం సీఏ గారివి.

హైదరాబాద్‌లో అకౌంటెంట్ పోస్టులకు అప్లై చేస్తే హోదా చూసి ఫ్రెషర్ జీతమే చెబుతున్నారు. చేసే పనులన్నీ రెజ్యూమెలో వివరంగా రాశాను, అయినా లెటర్‌లో ఉన్నదే చూస్తామంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మా ఓనర్ గారేమో ఏ హోదా కావాలో రాసుకురా, సంతకం పెడతానంటున్నారు, కానీ రేపు ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగితే నిలబడేలా ఉండాలి కదా.

బ్యాలెన్స్ షీట్ ఫైనలైజ్ చేయని నాలాంటివాళ్లను ‘అకౌంటెంట్’ అనొచ్చా, లేక ‘సీనియర్ అకౌంట్స్ అసిస్టెంట్’ అని రాయించుకోవడమే సరైనదా?