చేప శిలాజం ఇంట్లో పెట్టుకోవడం తప్పా?

పొలుసు: నా దగ్గర నైటియా అనే చేప శిలాజం ఉన్న రాతి పలక ఒకటి ఉంది. అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రపు గ్రీన్ రివర్ రాయి, దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటి చేప. వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు, రెక్కల్లోని సన్న ముళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అది చూసి నా ఫ్రెండ్ "ఇది సైన్సు సొత్తు, నీ దగ్గర ఉండకూడదు" అన్నాడు. అక్కడ ఇవి గుంపులు గుంపులుగా దొరుకుతాయి, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే తవ్వకం చట్టబద్ధమే. మరి తప్పెక్కడ?

రాతిపొర: తప్పేం లేదు. అసలు సొంతంగా ఏరేవాళ్లు లేకపోతే ఎన్నో చేపలు మనకు తెలిసేవే కావు. జురాసిక్ కాలపు భారీ చేప లీడ్సిక్తిస్‌నే తీసుకోండి, ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర ఇటుకల మట్టి గుంటల్లో దాని ఎముకలు ఏరి పెట్టింది ఆల్ఫ్రెడ్ లీడ్స్ అనే రైతు, 1889లో స్మిత్ వుడ్‌వర్డ్ అనే శిలాజ శాస్త్రవేత్త ఆయన పేరే దానికి పెట్టాడు. గుంటలో వదిలేస్తే ఆ ఎముకలు మట్టితో పాటే పోయేవి.

వెన్నుపూస: లీడ్స్ ఏరినవి చివరికి మ్యూజియానికి చేరాయి, ఆ ముక్క వదిలేయకండి. లాంకషైర్ బొగ్గుగనిలో దొరికిన కాక్కోసెఫాలస్ అనే చేప పుర్రె వందేళ్లకు పైగా భద్రంగా ఉంది కాబట్టే దాన్ని సీటీ స్కాన్ చేయగలిగారు, 31.9 కోట్ల ఏళ్ల నాటి మెదడు ఆకారం లోపల నిలిచి ఉందని 2023లో ప్రకటించారు. అది ఎవరింటి షోకేసులోనో ఉంటే? బ్రెజిల్ సంగతి ఇంకా ఘోరం. 1942 నుంచి అక్కడ శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, అయినా అరారిపె ప్రాంతపు రాతి ముద్దల్లోని రాకోలెపిస్ చేపలు బయట అమ్మకానికి కనిపిస్తూనే ఉంటాయి. ఆ జాతి చేపలోనే గుండె ఆనవాళ్లు దొరికాయని 2016లో తేలింది. అవి కొనడాన్ని నేను ఎప్పటికీ సమర్థించను.

పొలుసు: బ్రెజిల్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తా, అవి ముట్టుకోను. కానీ నైటియా లాంటి మామూలు జాతికి కూడా అదే రూలా?

వెన్నుపూస: కాదు. నా గొడవంతా లేబుల్ గురించే. ఏ క్వారీ, గ్రీన్ రివర్ రాతిలో చేపలు దొరికే పొరల్లో ఏది (18 అంగుళాల పొరా, స్ప్లిట్ ఫిష్ పొరా), ఎప్పుడు తీశారు, తోకకు రంగు వేసి అతికించారా, ఇవి రాసి ఉంటే మీ తర్వాత ఎవరికైనా ఆ పలక పనికొస్తుంది. వెనక్కి తిప్పి చూడండి, ఏం రాసుంది?

పొలుసు: "వ్యోమింగ్" అని మాత్రమే. అమ్మినవాళ్లకు ఇవాళే మెయిల్ పెడుతున్నా.