పాత ట్రయల్స్ బైక్: బీటా ఈవో కొనాలా, మాంటెసా కోటా 4ఆర్‌టీ కొనాలా?

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాను. ఏడాదిగా అరువు బైక్ మీద ట్రయల్స్ (రాళ్లు, మొద్దుల లాంటి అడ్డంకుల మీదుగా కాలు కింద పెట్టకుండా బైక్ నడిపే ఆట) నేర్చుకుంటున్నాను. ఇప్పుడు సొంతంగా ఒక పాత బైక్ కొనాలని ఉంది.

టూ స్ట్రోక్ బీటా ఈవో దాదాపు 70 కిలోలే ఉంటుంది. మాంటెసా 4ఆర్‌టీ ఫోర్ స్ట్రోక్, బరువు కాస్త ఎక్కువ. రాళ్ల మధ్య పడిపోయిన ప్రతిసారీ ఎత్తుకోవాల్సింది నేనే కాబట్టి ఆ కాస్త తేడా కూడా నాకు ముఖ్యమే. కానీ మాంటెసాలో పెట్రోల్‌లో ఆయిల్ కలిపే పని లేదు, ఇంజిన్ ఎక్కువ కాలం మన్నుతుందని కూడా అంటున్నారు. వాడేవాళ్లు చెప్పండి, నిజమేనా?

పోయిన వారం ఒక బైక్ చూశాను. పైకి తళతళలాడుతోంది. వెనక చక్రం పట్టుకుని పైకి లేపితే సస్పెన్షన్ లింకేజీలో (వెనక షాక్ అబ్జార్బర్‌ను కలిపే కీళ్లలో) స్పష్టంగా లూజు తెలిసింది. బేరింగులకు ఏళ్లుగా గ్రీజు పెట్టినట్టు లేదు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

అల్యూమినియం ఫ్రేమ్‌లో పగుళ్లు ఎక్కడ వెతకాలి? బురదలో నడిపాక ఎయిర్ ఫిల్టర్ ప్రతిసారీ కడుగుతారా? ప్రెషర్ వాషర్ వాడితే బేరింగులు పాడవుతాయా?