శనివారం సినిమా సాయంత్రం: ఏ సినిమా, ఎవరికే పని

కోఆర్డినేటర్:
అందరికీ వందనాలు. చర్చి హాలు శనివారం 4:30 నుంచి 9 దాకా మనదే. 60 మంది లెక్క. పెద్దవాళ్లు 'కరుణామయుడు' అంటున్నారు, యూత్ 'బాబెట్స్ ఫీస్ట్' అంటున్నారు. ఈ రాత్రికి తేల్చేద్దాం.

పెద్దల తరఫున:
అమ్మా, సినిమా అంటే వినోదమే కదా, ప్రార్థన హాల్లో ఎందుకు? తప్పదంటే 1978 నాటి 'కరుణామయుడు' వెయ్యండి. అందులో బైబిల్ వాక్యమైనా ఉంది.

బైబిల్ స్టడీ:
అంకుల్, ఆ సినిమా ఊళ్లల్లో తెరకట్టి వేస్తే సువార్త ఎరగనివాళ్లు చూశారు. మనవాళ్లకి కథంతా కంఠతా. 'కదిలింది కరుణరథం' రాగానే అందరూ పాట అందుకుంటారు, మాట్లాడుకోడానికి ఏం మిగలదు.

1987 నాటి డేనిష్ సినిమా 'బాబెట్స్ ఫీస్ట్'లో భక్తిపరులైన ముసలివాళ్లే పాత తగాదాలు తవ్వుకుంటూ ఉంటారు. వంటమనిషి బాబెట్ లాటరీలో వచ్చిన 10,000 ఫ్రాంకులూ ఖర్చుపెట్టి 12 మందికి విందు చేస్తుంది. వాళ్లేమో రుచి గురించి నోరెత్తకూడదని ముందే ఒట్టు పెట్టుకుంటారు. అది తెలియని అతిథి, సైన్యంలో జనరల్, ఒక్కడే వంటకం వంటకానికీ ఆశ్చర్యపోతుంటే మిగతావాళ్లు వాతావరణం గురించి మాట్లాడతారు! కృప అంటే అడక్కుండా, అర్హత చూడకుండా వచ్చేది అని మనం ఆదివారం చెప్పేదే అక్కడ పళ్లెంలో వడ్డించి ఉంటుంది. జనరల్ నోట కీర్తన 85:10 వస్తుంది. 1995లో వాటికన్ ఎంచిన 45 సినిమాల్లో మతం శీర్షిక కింద ఇదీ ఉంది.

ఫిలిప్పీ 4:8లో 'సత్యమైనవి', 'పవిత్రమైనవి' దగ్గర ఆగిపోతాం. 'రమ్యమైనవి' కూడా ఆ వచనంలోదే.

పెద్దల తరఫున:
సరే. కానీ చివర పాస్టర్ గారి సందేశం ఉండాలి.

బైబిల్ స్టడీ:
సందేశం పెడితే సినిమా దానికో ఉదాహరణగా మిగిలిపోతుంది. లైట్లు వేశాక రెండు నిమిషాలు మౌనం, తర్వాత ఎనిమిదేసి మంది చొప్పున కూర్చుని అరగంట మాటలు. ప్రశ్న ఒకటే: ఏ క్షణంలో ఆ విందులోవాళ్ల ముఖాలు మారాయి? పాస్టర్ గారు ముగింపు ప్రార్థన చేస్తారు. తాబేలు మంటల్లో కనబడే పీడకల ఒకటుంది, ఆరేళ్ల లోపు పిల్లల్ని పక్క గదిలో ఉంచండి.

సౌండ్, తెర:
నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ ఖాతాలు ఇంటి వాడకానికే. ఇక్కడ అమెరికాలో ఆరాధనకున్న కాపీరైట్ మినహాయింపు సినిమాకి వర్తించదు. మన చర్చి వీడియో లైసెన్సులో ఈ సినిమా పంపిణీదారు ఉన్నారో లేదో బుధవారంలోపు చూస్తాను. టికెట్ వద్దు, బయటి ప్రచారంలో సినిమా పేరు వద్దు.
తెర కింది అంచు నేల నుంచి నాలుగడుగులు ఉండాలి, లేకపోతే సబ్‌టైటిళ్లు ముందువాళ్ల తలల వెనక పోతాయి. బ్లూటూత్ స్పీకర్ వద్దు, మాట వెనకబడుతుంది. పొడవాటి హెచ్‌డిఎంఐ కేబుల్ కొన్నిసార్లు తెరని నల్లగా వదిలేస్తుంది, కాబట్టి ప్లేయర్‌ని ప్రొజెక్టర్ పక్కనే పెడతాను. శుక్రవారం పది నిమిషాలు నడిపి చూస్తాను.

యూత్:
ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చదవలేని అమ్మమ్మలకి కథ తెలుగులో ఒక పేజీ, 16 పాయింట్ అక్షరాల్లో, 20 కాపీలు. మైకులో అనువాదం మాత్రం వద్దు, ఆ విందులోని నిశ్శబ్దం చెడిపోతుంది.

వంట:
ఆ విందు చూస్తూ ఖాళీ కడుపుతో కూర్చోబెడతారా? 4:45కి 120 సమోసాలు, ఆరు లీటర్ల టీ. భోజనం 7:45కి: ఏడు కిలోల బియ్యం, పది కిలోల చికెన్, పప్పు, పెరుగు. పెద్ద గిన్నెలు రెండు తక్కువయ్యాయి, ఎవరి దగ్గరుంటే వాళ్లు చెప్పండి అక్కా.